హనుమక్క ఇంటి లక్ష్మి

పురుషోత్తమ్‌లో ఉన్న పెద్ద చెడ్డగుణం, ఆయన దేన్నీ కొంచెంగా చేయలేకపోవడం. తాగుడు లేదు, పేకాట లేదు, పరాయి ఆడవాళ్ళ వైపు చూసే తీరికా లేదు. అలాంటి మామూలు దోషాలున్న మొగుడైతే శశికళ ఎలాగో సర్దుకునేది. ఈయనకు చక్కెర మానాలనిపిస్తే ఇంటికొచ్చిన చుట్టాలు కూడా చప్పటి కాఫీ తాగి పోవాలి. శీర్షాసనం మొదలుపెడితే పనిమనిషి చీపురు పట్టుకుని, ఆయన కాళ్ళు నేలకు దిగేదాకా గోడవారగా నిలబడాలి. ఎర్రజెండా పట్టిన కాలంలో పార్టీలో అందరికంటే ఎర్రగా ఉన్నాడు. కాషాయం వైపు తిరిగాక, పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నవాళ్ళు కూడా "సార్, కొంచెం నిదానం" అనేంత దూరం పోయాడు.

కర్ణాటకలో తెలుగువాళ్ళుండే చింతామణి ఊళ్ళో, కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. బాగేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో కూలీలకూ కౌలుదార్లకూ ఆదివారం తరగతులు నడిపి, పుస్తకాలు రాసి, ఆ ప్రాంతానికంతా సిద్ధాంతం అంటే ఈయనే అనిపించుకున్నాడు. పెళ్ళి కూడా బాగేపల్లి పార్టీ ఆఫీసులోనే, రెండు చామంతి దండలతో అయిపోయింది. "ఏమండీ గీమండీ అనకు. పేరు పెట్టి పిలువు. మనిద్దరం సమానం" అన్నాడు ఆ రోజే. శశికళ కూడా బీయే చదివిందే కాబట్టి సరేనని, అత్తగారి ఎదుటే "పురుషోత్తమ్, నీళ్ళు కాగినాయి, స్నానానికి రా" అంది. అత్తగారు ఆ పూట అన్నం ముట్టలేదు. సమానత్వం వచ్చిందిగానీ నీళ్ళు కాచే పని మాత్రం శశికళ దగ్గరే ఉండిపోయింది.

రెండో షరతు, ఇంట్లో పండగలు ఉండకూడదు. ఉగాది పోయిందంటే పోయింది, వినాయకుడు పోయాడంటే పోయాడు. వరమహాలక్ష్మి వ్రతం పోవడమే శశికళకు మింగుడుపడలేదు. ఆ శ్రావణ శుక్రవారం చింతామణిలో ప్రతి ఇంటా కలశానికి వెండి ముఖం పెట్టి, పట్టుచీర కట్టి, నగలు వేసి, లక్ష్మిని కూర్చోబెడతారు. సాయంత్రం ఆడవాళ్ళంతా ఒకరింటికొకరు పోయి పసుపు కుంకుమ, గాజులు, తాంబూలం తీసుకుంటారు. అందరూ ఇచ్చి పుచ్చుకుంటూ ఉంటే శశికళ మాత్రం ఉత్త చేతులతో పోయి పుచ్చుకుని వచ్చేది.

వీధిలోవాళ్ళ లక్ష్మిని చూస్తే ఆమెకు పెద్దగా ఏమీ అనిపించేది కాదు. కడుపు మండేది హనుమక్క ఇంట్లో.

హనుమక్క మొగుడు గంగాధరప్ప పాతపాళ్యలో రైతు బిడ్డ. పురుషోత్తమ్ దగ్గర చదువుకున్నాడు, ఆయన చేతి మీదుగానే పార్టీలోకి వచ్చాడు, బాగేపల్లిలో కాపురం పెట్టాడు. అదే జెండా, అదే పార్టీ. కానీ హనుమక్క ఏటా లక్ష్మిని పెట్టేది. పురుషోత్తమ్ నిలదీస్తే గంగాధరప్ప తల గీరుకుని, "నా పార్టీ నాది సార్, ఆమె దేవుడు ఆమెది. ఆమెను నేను మీటింగుకు లాగను, నన్ను ఆమె మంగళారతికి లాగదు. పూలు పండ్లు మోసేది మాత్రం నేనే" అనేవాడు. "సవరణవాది!" అని పురుషోత్తమ్ అక్కడే తీర్పు చెప్పేవాడు. సవరణవాది పెళ్ళాం మాత్రం మెళ్ళో కాసుల దండతో నవ్వుతూ వచ్చి శశికళ చేతికి తాంబూలం ఇచ్చేది.

ఏటా బస్సెక్కి బాగేపల్లి పోయి శశికళ చూసేది ఒకటే: లక్ష్మికి కట్టిన చీర. హనుమక్కకు కుచ్చిళ్ళు కుదిరేవి కావు. ఒక పక్క జారిపోయి, అమ్మవారు బస్సులో నిలబడి వచ్చినట్టు ఉండేది. 'ఆ చీర నా చేతికిస్తేనా' అనుకుంటూ శశికళ తన చేతులను తన చేతులతోనే గట్టిగా పట్టుకుని కూర్చునేది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, హనుమక్క మొగుడు మంచివాడు కాబట్టి ఆమెకు తెలివితేటలు తక్కువై ఉండాలని సమాధానపడేది.

ఇట్లా ఒక జీవితకాలం కుళ్ళుకున్న మనిషి గనుక, కుళ్ళు ఏ ఇంట్లో ఉడికినా వాసన పట్టగలదు. సొంత ఇంట్లో ఉడికితే మరీనూ.

అది మూడేళ్ళ కిందటి మాట. బాగేపల్లిలో పార్టీవాళ్ళు పెద్ద అధ్యయన తరగతి పెట్టారు. విషయం కౌలుదార్ల పోరాటం. పురుషోత్తమ్ జీవితమంతా రాసింది దాని మీదే. ప్రధానోపన్యాసం మాత్రం గంగాధరప్పకు ఇచ్చారు. "సార్ మాట్లాడితే మాకు అర్థం కాదు, గంగన్న చెప్తే తెలుస్తాది" అని ఎవరో కూలీ అన్నాడట. పురుషోత్తమ్ ముందు వరుసలో కూర్చుని విన్నాడు, చప్పట్లు కూడా కొట్టాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే కుర్చీలో కూలబడి, "ఈ పార్టీలో ఆలోచించేవానికి చోటు లేదు" అన్నాడు.

"అన్నం తిను ముందు" అంది శశికళ.

"ఇది సిద్ధాంతం ప్రశ్న, శశీ."

శశికళ ఆయన మొహం చూసింది. హనుమక్క ఇంటినుంచి తిరిగొచ్చిన రోజుల్లో అద్దంలో తాను చూసుకున్న మొహమే అది. కంచం ఆయన ముందుకు జరిపింది.

ఆ తరువాత ఆయనకు మన ప్రాచీన నాగరికత కనబడింది. ఆర్నెల్లలో ఎర్ర అట్టల పుస్తకాలు అటకెక్కాయి. చిక్కబళ్ళాపురంలో ఒక సంఘంవాళ్ళు శాలువా కప్పారు. 'మోసపోయిన మేధావి మేలుకున్నాడు' అని బ్యానరు కట్టారు. ఇన్నాళ్ళూ ఇరవైమంది కూలీలు ఆవలిస్తూ విన్న మనిషికి నిండు హాలు లేచి నిలబడితే ఎలా ఉంటుంది? ఆ సాయంత్రం ఇంటికొచ్చి మూడు చపాతీలు ఎక్కువ తిన్నాడు. మర్నాడు, "నలుగురి ముందర పేరు పెట్టి పిలవద్దు. ఏమండీ అను. మన సంప్రదాయం" అన్నాడు. ఇన్నేళ్ళు పురుషోత్తమ్ అన్న నోటికి ఏమండీ ఎలా తిరుగుతుంది? శశికళ నలుగురిలో అసలు పిలవడమే మానేసింది. దగ్గరికి పోయి దగ్గేది.

ఈ శ్రావణం వచ్చేసరికి ఆయనే వెండి ముఖం తెచ్చాడు. "ఈసారి మనింట్లో వరమహాలక్ష్మి పెట్టాల. స్త్రీలు నిలబెట్టుకున్న ధర్మం ఇది."

శశికళ ఆ ముఖాన్ని చేతిలోకి తీసుకుంది. చల్లగా, బరువుగా, ముద్దుగా ఉంది. హనుమక్క ఇంట్లో ఉన్నదానికంటే పెద్దది. అది ముందుగా చూసుకుంది. తరువాత మొగుణ్ణి చూసింది. ఆయన నోట ఒక్క మాట రావాలి. ఇన్నేళ్ళు నీకు వద్దన్నాను, తప్పు చేశాను. అంతే. ఆ మాట వస్తే మిగతావన్నీ మాఫీ చేసేది.

"మరి ఇన్నాళ్ళూ?" అని అందించింది.

"అది ఆలోచనలో ఒక దశ. మనిషి పరిణామం చెందుతాడు" అన్నాడు పురుషోత్తమ్.

తప్పు అనేది ఆయన నిఘంటువులో ఎదుటివాళ్ళు చేసే పనికి పేరు. ఆయన చేసినదాన్ని దశ అంటారు. అయినా శశికళ ముఖాన్ని తిరిగి ఇవ్వలేదు.

పండగకు ముందువారం చిక్కబళ్ళాపురంలో మళ్ళీ సభ జరిగింది. శశికళ కొత్త చీరలో ముందు వరుసలో కూర్చుంది. వేదిక మూల సంఘంవాళ్ళు లక్ష్మిని అలంకరించి పెట్టారు. ఆమె కళ్ళు ఆ చీర కుచ్చిళ్ళ మీదే ఉన్నాయి. మైకులో పురుషోత్తమ్ గొంతు, పండగకు ఏం కొన్నా మనవాళ్ళ దగ్గరే కొనండి, గాజు ముక్క కూడా వాళ్ళ దగ్గర కొనవద్దు అంటోంది. హాలు దద్దరిల్లింది. ఆ మాట శశికళ చెవిన పడింది. పడ్డదాన్ని అక్కడే ఉండనిచ్చి, కుచ్చిళ్ళను లోపలినుంచి ఎలా మడిచారో చూడటంలో పడింది.

సభ అయ్యాక రంజిత వచ్చింది. సంఘంవాళ్ళ చానెల్ నడిపే చురుకైన పిల్ల. "మేడం, ఈ సల సార్ ఇంటి పండగే లైవ్ పెడదాం. సార్ మాట్లాడతారు, మీరు ఆరతి తీస్తారు. సూపరుగా ఉంటాది."

ఇంటికి రాగానే శశికళ బాగేపల్లికి ఫోను చేసింది. "హనుమక్కా, ఈసారి నువ్వే మా ఇంటికి రావాల. నేనూ లక్ష్మిని పెడతాండా."

"అవునా తల్లీ! ఎన్నాళ్ళకు! వస్తాను లే. ఈయన్ని కూడా పిల్చుకొస్తా, తిరుగు బస్సు దొరకదు" అంది హనుమక్క. గొంతులో ఒట్టి సంతోషమే ఉంది. అది శశికళకు కొంచెం నిరాశగానే అనిపించింది.

మొగుడికి ఈ పిలుపు సంగతి చెప్పలేదు. దాన్ని ఒక దశ అనుకుంది.

తాంబూలంలోకి పచ్చ గాజులు కావాలి. శ్రావణం మొదటినుంచీ గాజుల గంపతో వీధికి వచ్చే ప్యారీబీ ఈసారి కనబడలేదు. చూసి చూసి శశికళే ఆమె ఇంటికి పోయింది. ప్యారీబీ గడపలో కూర్చుని ఉంది, గంప లోపల ఉంది.

"ఏమి ప్యారీబీ, మా వీధి మర్చిపోతివా?"

"మర్చిపోలేదమ్మా. మీ వీధి మొదట్లో పిల్లోళ్ళు నిలబెట్టినారు. ఫోన్లో సారు మాట్లాడేది చూపిచ్చినారు. రావద్దు అనినారు." కోపంగా అనలేదు. వాన వస్తుందన్నంత మామూలుగా అంది. "సారుకు నేనంటే తెలుసు గదమ్మా? మీ పెండ్లికి గాజులు తొడిగింది నేనే గదా, బాగేపల్లి దాకా వచ్చి, పార్టీ ఆఫీసులో."

శశికళ గడప పక్కనే కూర్చుంది. గాజులు ఎంచుకుంది. ఎప్పుడూ చెయ్యి పట్టుకుని, వేళ్ళు మెత్తగా నొక్కి, మాటల్లో పెట్టి తొడిగే ప్యారీబీ, ఈసారి గాజులు కాగితంలో చుట్టి గడప మీద పెట్టింది.

ఆ పూట వంటింట్లోనుంచే అంది: "పురుషోత్తమ్, ప్యారీబీని మన వీధిలోకి రానీయడంలేదంట. నీ మాట విని."

"నేను వ్యక్తుల గురించి మాట్లాడలేదు. చరిత్ర గురించి మాట్లాడినా."

"ఆమె చరిత్ర కాదు, గాజులమ్మ."

"నీకు అర్థం కాదులే."

ఇంకో మాట అనవలసిందే. అంటే పండగ పాడవుతుంది. పండగ పాడైతే హనుమక్క చూడదు. శశికళ నోరు మూసుకుని ఒబ్బట్లకు పూర్ణం రుబ్బింది.

శుక్రవారం వచ్చింది. పొద్దున్నే లేచి చీర కట్టడం మొదలుపెడితే, కుచ్చిళ్ళు తాటాకు విసనకర్ర మడతల్లా వచ్చి నిలబడ్డాయి. ఇన్నేళ్ళ కడుపుమంటంతా వేళ్ళలోకి దిగి కట్టించినట్టుంది. సాయంత్రానికి వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. పక్కింటి అక్కమ్మ, అందరికంటే పెద్దది, గోడకానుకుని కూర్చుంది. రంజిత ఫోనును మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టి లైవ్ మొదలుపెట్టింది. పురుషోత్తమ్ పట్టు పంచెలో మెరుస్తున్నాడు.

అప్పుడే హనుమక్క లోపలికొచ్చింది. వెనకే గంగాధరప్ప గడప దగ్గర చెప్పులు విడిచి, "నమస్కారం సార్" అన్నాడు.

పురుషోత్తమ్ మొహంలో రంగు మారింది. ఒక్క క్షణం శశికళ వైపు చూశాడు. కెమెరా తిరుగుతోంది. "కూర్చో" అన్నాడు పొడిగా. గంగాధరప్ప గడప పక్కనే చాప చివర కూర్చున్నాడు.

ఆ తరువాత పురుషోత్తమ్ గొంతు ఒక మెట్టు పెరిగింది. స్త్రీశక్తి అన్నాడు, వేల ఏళ్ళ సంప్రదాయం అన్నాడు, పరాయి సిద్ధాంతాలు మన ఇళ్ళల్లో దీపాలు ఆర్పాయన్నాడు. అది గడప వైపు చూస్తూ అన్నాడు. గంగాధరప్ప తలవంచుకుని చాప అంచు పీకుతున్నాడు.

"సార్, దేవుని మూలలో వెలుతురు సాలదు. లక్ష్మి మొకం నల్లగా పడతాంది" అంది రంజిత మెల్లగా.

"దానికేముంది, హాల్లోకి తెద్దాం" అన్నాడు పురుషోత్తమ్.

శశికళ నోరు తెరిచేలోపే వంగి, కలశాన్ని చీరతో సహా రెండు చేతులా కావలించుకుని ఎత్తేశాడు. కొబ్బరికాయ ఒరిగింది. మెడలో దండ తెగి చామంతులు నేలరాలాయి.

"అయ్యయ్యో!" అని ఆడవాళ్ళంతా ఒక్కసారి లేచారు.

"ఏమప్పా ఇది!" అక్కమ్మ గొంతు కంచులా మోగింది. "శుక్రవారం సందె పొద్దులో లక్ష్మీదేవిని ఎత్తేస్తివే! రేప్పొద్దున పూజ చేసి, పోయి రా తల్లీ అని చెప్పినాక గదా కదిలించేది! ఇంట్లోంచి తరుముతాండావా?"

ఆ ఇంట్లో ఆ మాట తెలియని మనిషి ఒక్కడే. వేల ఏళ్ళ సంప్రదాయం మీద గంట మాట్లాడగలిగినవాడు. పురుషోత్తమ్ కలశాన్ని పట్టుకుని నడిమధ్య నిలబడిపోయాడు. ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు, కింద పెట్టలేడు. వెండి ముఖం ఆయన భుజం మీదికి వాలి, ఆయనేదో రహస్యం చెబుతుంటే వింటున్నట్టు ఉంది.

గంగాధరప్ప లేచి వచ్చి కలశం అడుగున చెయ్యి వేశాడు.

"వదులు" అన్నాడు పురుషోత్తమ్ పళ్ళ బిగువున.

"వదిల్తే పడతాది సార్. నేను అడుగు పట్టుకుంటా, మీరు నడవండి. యాడ ఎత్తినారో ఆడే పెడదాము."

ఇద్దరూ ఒకే కలశాన్ని పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ దేవుని మూలకు నడిచారు. హనుమక్క ముందే పోయి పళ్ళెంలో బియ్యం సరిచేసింది. "ఏమీ కాలేదు లేండమ్మా. తెలియక చేసినదానికి తల్లి అలుగుతాదా? అక్షింతలేసి మల్లా పిల్చుకుందాం" అని అందరినీ కూర్చోబెట్టింది. జారిపోయిన చీరను తనే సవరించబోయి, ఆగి, శశికళను పిలిచింది. "నువ్వు రా తల్లీ. నీ మాదిరి కుచ్చిళ్ళు నాకు ఈ జన్మకు రావు. ఎంత చక్కగా కట్టినావు!"

ఈ మాట కోసమే ఇదంతా. శశికళ విన్నది. తీరా వింటే నోట్లో ఉప్పు లేని ముద్ద పెట్టుకున్నట్టుంది.

రంజిత ఫోను తీసి చూస్తూ సణుగుతోంది. "సార్, ఇదంతా లైవ్‌లో పోయింది. కామెంట్లు... మనోళ్ళే సార్... వద్దు లేండి, మీరు చూడొద్దు." పురుషోత్తమ్ చేయి చాచాడు, ఆ పిల్ల ఇచ్చింది. 'ఎర్రోడికి పూజేం తెలుస్తాది' అని ఒకడు. 'పాత బుద్ధి యాడ పోతాది' అని ఇంకొకడు. లేచి నిలబడి చప్పట్లు కొట్టిన హాలు అదే. ఆయన ఫోను తిరిగిచ్చి గోడవారగా కూర్చున్నాడు.

తాంబూలాలు మొదలయ్యాయి. శశికళ ముందుగా హనుమక్కకు కుంకుమ పెట్టి, గాజుల పొట్లం విప్పింది. హనుమక్క రెండు చేతులూ చాచి, "మీ ప్యారీబీ రాలేదా, నువ్వు ఎప్పుడూ చెప్తాంటావే? గాజులు తొడిగితే ఆమే తొడగాల. మనం తొడిగితే పగుల్తాయి" అంది మామూలుగా.

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అందరికీ తెలుసు.

శశికళ గాజులు పళ్ళెంలో పెట్టేసింది. ఇన్నాళ్ళూ మొగుడి నోటినుంచి తప్పు అనే మాట ఎప్పుడొస్తుందా అని కాచుకు కూర్చున్న మనిషికి, ముందు తన నోరు తెరవాల్సి వచ్చేసరికి ఎంత కష్టమో తెలిసింది.

"రాలేదు హనుమక్కా. ఆమెను ఈ వీధిలోకి రానీయలేదు. ఈ ఇంట్లోనుంచి పోయిన మాటే అది. నేను సభలో ముందు వరసలోనే కూర్చుని విన్నా. ఇంట్లో మల్లా విన్నా. నీకంటే పెద్ద లక్ష్మిని పెట్టి, నిన్ను పిల్చి చూపిచ్చాలనే కుళ్ళు నాకు. ఆ కుళ్ళులో నోరు మూసుకుంటి." గోడవారనున్న మొగుడి వైపు తిరిగింది. నలుగురూ ఉన్నారని తెలుసు, దగ్గలేదు. "నాది నేను చెప్పినా. నువ్వు చెప్పు పురుషోత్తమ్."

హనుమక్క చాచిన చేతులు అలాగే ఉన్నాయి. అక్కమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"చరిత్రలో కొన్ని దశల్లో..." అని మొదలుపెట్టాడు పురుషోత్తమ్. గంగాధరప్ప వైపు చూశాడు. గంగాధరప్ప తలెత్తలేదు, నేలమీద పడ్డ చామంతులను ఏరి దోసిట్లో వేసుకుంటున్నాడు.

"నీ ఉపన్యాసం బాగుండె గంగాధరా" అన్నాడు పురుషోత్తమ్ చివరికి. "ఆ పొద్దు. బాగేపల్లిలో. నాకంటే బాగా చెప్పితివి. అది నేను ఓర్చుకోలేకపోయినా. సిద్ధాంతం అంతా ఆ తర్వాత వెతుక్కున్నదే."

"సార్, ఇప్పుడు అవన్నీ ఎందుకు..."

"ఉండు, చెప్పనీ. మల్లా చెప్పలేను." పంచె చెంగుతో మొహం తుడుచుకున్నాడు. "నాకు నీ మీద కుళ్ళు ఉండె. దానికి ప్యారీబీ ఏం చేసింది? ఆమెకు నేను చరిత్ర అని పేరు పెడితి. శశికి దేవుడొద్దంటి, మల్లా దేవుడు కావాలంటి. రెండుసార్లూ ఆమెను అడగలేదు." ఎవరివైపూ చూడలేదు, కానీ గోడకానుకున్న అక్కమ్మకు కూడా వినబడేంత గట్టిగానే అన్నాడు. "తప్పు నాది. నేను తప్పు చేసినా."